డొంకన పడి

తెలుగు పత్రికల్లో డొంక ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది. లంచం తీసుకుంటూ ఒక చిన్న ఉద్యోగి పట్టుబడితే చాలు, మర్నాడు పొద్దున తీగ లాగితే డొంకంతా కదిలిందని శీర్షిక. నకిలీ మందులు, దొంగనోట్లు, దొంగ సర్టిఫికెట్లు, ఏదైనా సరే, ముందు తీగ దొరుకుతుంది, తర్వాత డొంక కదులుతుంది. రాజకీయాల పేజీకి వస్తే అక్కడ డొంకతిరుగుడు. సూటిగా అడిగిన ప్రశ్నకు సూటిగా జవాబిచ్చే నాయకుడు అరుదు కనక ఆ మాటకు పని తగ్గదు. పట్నంలో పుట్టి పెరిగిన తెలుగువాడికి డొంకతో బాంధవ్యం ఈ రెండు జాతీయాలతో సరి. డొంక అంటే ఏమిటని నిలదీస్తే పొద అనో, ముళ్ళూ తీగలూ అల్లుకున్న గుబురు అనో చెబుతాడు.

నెల్లూరు నుంచి తూర్పుకు దిగి విడవలూరు, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు మండలాల్లో తిరిగేవాడికి ఈ జవాబు చాలదు. అక్కడ డొంక ఉన్నచోటే ఉంటుంది, మనమే దానిమీద కదులుతాం. రెండు పొలాల మధ్య, అటొక కంప వరస ఇటొక కంప వరస మధ్య, బండి పట్టేంత వెడల్పున పోయే మట్టిదారి డొంక. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లోనూ ఇదే అర్థం. గుంటూరు పట్టణంలో డొంకరోడ్డని ఒక రోడ్డే ఉంది. ఊరు పెరిగి డొంకను మింగింది గానీ పేరును అరిగించుకోలేకపోయింది. ఉత్తరాంధ్రకు పోతే మాట మళ్ళీ పొదవైపు ఒరుగుతుంది. తుప్పలూ డొంకలూ అని జంటగా అంటారక్కడ.

ఒకే మాట ఒకచోట పొద, ఇంకోచోట దారి ఎలా అయింది? పొద అనేది దారికి అడ్డం పడేది. దారి అనేది పొదను నరికితే వచ్చేది. శత్రువులిద్దరికీ ఒకే పేరు పెట్టినట్టుంది.

నాకు తోచిన సమాధానం సైకిల్ మీద తోచింది. ఆ నేల మీద కారులో పోయేవాడికి రోడ్డు కనబడుతుంది, నడిచేవాడికి నాలుగడుగుల మేర కనబడుతుంది. సైకిల్ వేగానికి మాత్రం దారి, దాని అంచు, అంచు వెనక పొలం మూడూ ఒకే చూపులో పడతాయి. డొంక పొలాల కంటే పల్లంలో ఉంటుంది. ఇనప పట్టా వేసిన చక్రాలు తరాల తరబడి ఒకే చోట దొర్లితే మట్టి పిండి అవుతుంది. కార్తీకపు వానలకు ఆ పిండి కొట్టుకుపోతుంది. రైతు తన కయ్య గట్టు తెగకుండా ఆ పక్క నుంచి మట్టి ఎత్తి గెనిమ మీద వేసుకుంటాడు. ఏడాదికి కాస్త చొప్పున దారి కిందికీ, గట్టు పైకీ పోతాయి. గట్టు మీద పశువులు పైరులోకి దిగకుండా కంప నాటుతారు. నాటకపోయినా మొలుస్తుంది. ఈత, కలే, బలుసు, జెముడు, మొగలి, వాటిమీద పాకే దొండ, దూసర, తిప్పతీగ. కొన్నాళ్ళకు దూరం నుంచి చూసేవాడికి దారి కనిపించదు, రెండు పొదల వరసలే కనిపిస్తాయి. పొలంలో నిలబడి చెయ్యి చాపి "అదుగో డొంక" అన్నవాడు చూపించింది పొదనే. ఆ చూపుడువేలు పట్టుకుని పోయినవాడికి దొరికింది దారి. పేరు అంచు నుంచి నడిమికి జారింది.

ఇలా జారడం వింతేమీ కాదు. సంస్కృతంలో వాట శబ్దానికి కంచె కట్టిన చోటు, తోట అనే అర్థాలతో పాటు దారి అనే అర్థమూ నిఘంటువుల్లో ఉంది. తెలుగులోనే కట్ట చూడండి. నీళ్ళు ఆపడానికి పోసిన మట్టి కట్ట. దానిమీద జనం నడిచారు. ఇప్పుడు కట్టన పోదాం అంటే నీటి సంగతి ఎవడికీ గుర్తురాదు. దారి అనేది చాలాసార్లు ఎవరూ వేయకుండానే పుడుతుంది. దేని పక్కన పుట్టిందో దాని పేరుతోనే పెరుగుతుంది.

రెండర్థాలూ విడిపోకుండా కలిసి బతికిన సామెత ఒకటుంది: డొంకలో షరాబున్నాడు, నాణెం చూపుకోమన్నట్టు. షరాబు అంటే నాణేలు పరీక్షించి మంచీ చెడ్డా చెప్పేవాడు. వాడి చోటు బజారు. డొంకలో షరాబు కూర్చున్నాడంటే వాడు షరాబు కాడు, దొంగల జట్టులో ఒకడు. ఈ సామెతలో డొంక పొదా, దారా? పొద అనుకుంటే దాక్కున్నవాడు కనబడతాడు. దారి అనుకుంటే నాణేలు మూటగట్టుకుని పోతున్న బాటసారి కనబడతాడు. ఒకటి తీసేస్తే కథ నడవదు. ఈ సామెత పుట్టించినవాళ్ళకు ఆ ప్రశ్నే వచ్చి ఉండదని నా నమ్మకం. ముత్తుకూరు రోడ్డు పక్కన సైకిల్ షాపులో టైరు విప్పి ముల్లు తీసిన కుర్రవాడు ఒక్క వాక్యంలో దానికి సాక్ష్యం చెప్పాడు: "డొంక నిండా డొంకే గద సార్, పంచర్ పడక ఏమవుద్ది?"

దారి చెప్పే తీరులో ఇంకో ముక్క దొరుకుతుంది. మైపాడు రోడ్డు దిగి కాలవ గట్టుకు ఎలా పోవాలని మేకలు తోలుకుపోయే పెద్దాయన్ని అడిగితే, "ఈ డొంకన పడి పోతా ఉండబ్బయా, కట్ట ఎక్కతావు" అన్నాడు. దారిన పడి పోవడం అన్ని జిల్లాల్లోనూ ఉన్న మాటే. కానీ డొంక విషయంలో ఆ పడడం అక్షరాలా నిజం. తారురోడ్డు ఎత్తు మీద ఉంటుంది, డొంక పల్లంలో ఉంటుంది, ముందు చక్రం దిగేటప్పుడు నిజంగానే పడతాం. మళ్ళీ కట్ట రాగానే ఎక్కుతాం. బల్లపరుపు నేలలో ఎక్కుడు దిగుడు అంటే ఇంతే. కొండలు లేని చోట గాలే కొండ. మధ్యాహ్నం సముద్రపు గాలి లేచాక తూర్పుకు తొక్కేవాడికి ఆ సంగతి ఇంకొకరు చెప్పక్కర్లేదు.

డొంకతిరుగుడుకు వద్దాం. ఇక్కడ పేచీ ఉంది. కన్నడంలో డొంకు అంటే వంకర. కుక్క తోక వంకర అని మనం అన్నచోట వాళ్ళు డొంకు అంటారు. నెల్లూరుకు కన్నడ దేశం దూరమేమీ కాదు, భాషలు అంతకంటే దగ్గర. కనక డొంకతిరుగుడులో ఉన్నది దారీ కాదు పొదా కాదు, వంకరే అని ఒకరు వాదించవచ్చు. వంకర తిరుగుడు అన్న అర్థం తిన్నగా వస్తుంది. ఇంకొకరు పొద అని పట్టుపట్టవచ్చు: అసలు విషయం పొద మధ్యలో ఉంటే లోపలికి చెయ్యి పెట్టకుండా చుట్టూ తిరిగేవాడిది డొంకతిరుగుడు. ఇంగ్లీషువాళ్ళు కూడా ఇదే అర్థానికి పొద చుట్టూ కొట్టడం అంటారు గానీ వాళ్ళది వేటగాళ్ళ మాట. పొదలో పిట్టల్ని లేపడానికి చుట్టూ కర్రలతో కొట్టేవాళ్ళు. అక్కడ పొద చుట్టూ తిరగడం వేటలో సగం పని. మనవాడు తిరిగేది ఏమీ లేవకుండా ఉండాలని.

నా ఓటు దారికే. నాకున్న ఆధారం పొద్దుతిరుగుడు పువ్వు. ఆ పువ్వు పొద్దు చుట్టూ తిరగదు, మొగ్గగా ఉన్నన్నాళ్ళు పొద్దు ఎటు పోతే అటు తిరుగుతుంది. అదే కొలత డొంకతిరుగుడుకు పెడితే, డొంక ఎటు తిరిగితే అటు తిరిగేది అన్న అర్థం వస్తుంది. డొంకన పడి పోయేవాడు ఊరి గోపురం కళ్ళెదుట కనిపిస్తున్నా దానికి వీపు పెట్టి కాసేపు నడవాలి. పొలాలకు అడ్డంబడి పోతే అయిదు నిమిషాలు, డొంకన పోతే పావుగంట. మాటల్లో అలా పోయేవాణ్ణి చూసి ఎవరో రైతు ఆ పేరు పెట్టి ఉంటాడు. కన్నడపు డొంకు ఆ పక్కనే నిలబడి దీనికి సాయం పట్టి ఉండవచ్చు. రెండు ఏర్లు కలిసినచోట నీళ్ళు వేరుచేసి చూపించమంటే ఎవరి తరం?

నాకు కోపం వచ్చేది ఇంకోచోట. గోదావరి జిల్లాల్లో ఇదే దారిని పుంత అంటారు. పొలిమేరలో, పుంత మొగలో వెలిసిన అమ్మవారు పుంతలో ముసలమ్మ. డొంకకూ పుంతకూ ఆకారంలో, పనిలో పెద్ద తేడా లేదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం తిరగేస్తే ఇలాంటి జంటలు ఎన్నో కనిపిస్తాయి. ఒకే పనిముట్టు, జిల్లాకో పేరు. అందులో వింత లేదు. అయితే రాత తెలుగు ఈ రెండు మాటల్నీ చూసిన చూపు వేరు. పుంతకు సన్మానం జరిగింది. కథ కొత్త పుంతలు తొక్కింది, కవిత్వం కొత్త పుంతలు తొక్కింది, చివరికి చిరుధాన్యాల సాగు కూడా కొత్త పుంతలు తొక్కుతోంది. డొంకకు దక్కినవి ఏసీబీ దాడులు, మంత్రుల జవాబులు. గోదావరి వాళ్ళ చేతిలో కలాలు ముందు పడ్డాయి కనక ఇలా అయిందని నేనంటే అది ఒక నెల్లూరువాడి ఉక్రోషంగా తీసుకోండి, ఫర్వాలేదు.

అసలు తెలుగులో చిన్నదారి కాస్త అనుమానాస్పదమే. అడ్డదారి తప్పు. దొడ్డిదారి మరీ తప్పు. మర్యాద అంతా రాజమార్గానిది, రహదారిది. గాడి తప్పడం అన్నది కూడా ఈ నేలమీద పుట్టిన మాటే. గాడి అంటే బండి చక్రాలు కోసిన జాడ. చక్రం అందులో ఉన్నంతసేపు ఎద్దులకు దారి చూపించక్కర్లేదు, బండివాడు నిద్రపోవచ్చు. కనక గాడిలో పడడం మంచిది, తప్పడం చెడ్డది. సైకిలువాడికి లెక్క తిరగబడుతుంది. వాన వెలిసి రేగడి ఎండాక గాడి అంచు ఇటుకలా గట్టిపడుతుంది. ముందు చక్రం అందులో దిగిందంటే బయటికి రాదు. వెనక చక్రం రెండో గాడి వైపు జారుతుంది, మనం మూడో వైపు. తెలిసినవాళ్ళు రెండు గాళ్ళ మధ్య గరిక మొలిచిన నడుం మీదే తొక్కుతారు. ఎద్దులు నడిచిన చోటు అది. ఆ ఎద్దుల గురించి ఒక్క మాట: మనం ఒంగోలు గిత్తలనే ఈ జాతిని బ్రెజిల్‌లో నెలోర్ అంటారు. అక్కడి పశుసంపదలో పెద్ద వాటా దానిదే. ఈ డొంకల మీద గిట్టలు అరిగిన జాతి ఊరిపేరు పెట్టుకుని సముద్రం దాటింది.

రెవెన్యూ రికార్డులో దీని పూర్తి పేరు డొంక పోరంబోకు. ఆ రెండో మాట అరవం నుంచి వచ్చింది. పుఱం అంటే బయట. శిస్తు లెక్కకు బయట పడ్డ నేల పుఱంపోక్కు. ఎవరికీ పట్టా లేనిది, అందరూ వాడుకునేది. చెరువు, వాగు, శ్మశానం, మంద నిలిచే చోటు, డొంక అన్నీ అందులోవే. కాగితం మీద గౌరవమైన మాటే. 1905 నాటి మద్రాసు భూ ఆక్రమణల చట్టం బాటలూ సందులూ వీధులూ ప్రభుత్వపు ఆస్తి అని తేల్చి చెప్పింది. కానీ వాడుకలో పోరంబోకు తిట్టయింది. పనీపాటా లేకుండా తిరిగేవాడు పోరంబోకు. ఇటు డొంకతిరుగుడూ తిట్టే. అంటే ఊరందరికీ చెందిన దారిని అడంగల్‌లో నమోదు చేయడానికి మనం వాడే జంట పదంలో రెండుకు రెండూ ఊళ్ళో తిట్లు. అందరిదైన దాన్ని మనం ఎలా చూస్తామో చెప్పడానికి ఇంకో వ్యాసం అక్కర్లేదు. పక్క కయ్యవాడు ఏడాదికి జానెడు చొప్పున గెనిమ జరుపుకుంటూ వస్తాడు. రెండు బండ్లు ఎదురెదురైనా తప్పుకునే డొంక ఒక బండికి వస్తుంది, తర్వాత మనిషికి వస్తుంది, తర్వాత గ్రామ పటంలో మాత్రం మిగులుతుంది.

ఇప్పుడు గ్రావెల్ సంగతి. ఎర్రగా, రాయీ మట్టీ కలిసి, నీళ్ళు చల్లి దిమ్మిస చేస్తే గట్టిపడే నేలకు మనకు గరప, గరుసు అనే మాటలున్నాయి. తెలంగాణలో మొరం అంటారు. నెల్లూరులో మాత్రం ఈ కాలంలో గ్రావెల్ తప్ప ఇంకో మాట వినపడదు. గ్రావెల్ రోడ్డు, గ్రావెల్ క్వారీ, గ్రావెల్ టిప్పర్. స్థానిక పేపర్లలో ఆ మాట పక్కన ఎప్పుడూ ఉండే చుట్టాలు తవ్వకం, అక్రమం, రాత్రిపూట. అందుకే గ్రావెల్ బైక్ అని నేనన్నప్పుడు మా ఊరి మిత్రుడొకడు నన్ను ఎగాదిగా చూసి, ఎన్ని టన్నులు పడుతుందన్నాడు.

ప్రపంచంలో ఆ మాటకు వేరే వెలుగుంది. రేసు సైకిల్‌లాగా వంచిన హ్యాండిలు, దానికంటే బాగా లావు టైర్లు, తక్కువ గాలి. తారు లేని దారుల్లో రోజంతా తొక్కడానికి పనికొచ్చే సైకిల్ అది. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రపు ఎంపోరియా పట్టణం నుంచి 2006లో మొదలైన పందెం ఇప్పుడు అన్‌బౌండ్ గ్రావెల్ పేరుతో నడుస్తోంది. చెకుముకి రాళ్ళు టైర్లు కోసే గడ్డిమైదానాల్లో 200 మైళ్ళు, అంటే దాదాపు 320 కిలోమీటర్లు తొక్కాలి. 2022లో ఇటలీలోని వెనెతో ప్రాంతంలో ఈ ఆటకు మొదటి ప్రపంచ చాంపియన్‌షిప్ జరిగింది. యూరప్‌లో సరదాగా తొక్కేవాళ్ళు బల్లపరుపు పొలాలు, అడవులు, హీదర్ పూసే బీళ్ళు దాటి పోతారు. మనకు ఆ పూల బీడు లేదు. దాని బదులు చవుడు ఉంది. పులికాట్ అంచుల్లో, కృష్ణపట్నం వైపు ఉప్పుటేర్ల పక్కన, ఎండాకాలం తెల్లగా ఉప్పు పూసి, ఎర్ర కాడల మొక్క తప్ప ఏదీ మొలవని మైదానం. చెట్టు లేని ఖాళీలో గాలి ఒక్కటే తోడు కావడం అక్కడా ఇక్కడా సమానమే.

మన కోస్తాకు గరప సొంతం కాదు, అది గమనించాలి. సముద్రపు ఒడ్డున ఉన్నది ఇసక, దాని వెనక ఉప్పునేల, దాని వెనక పెన్నా తెచ్చి పోసిన ఒండ్రు. ఎర్రనేల పడమటి మెట్టలో ఉంటుంది. అక్కడి నుంచి టిప్పర్లలో రావాలి. ఎందుకొచ్చిందంటే రొయ్య కోసం. 1990 తర్వాత కయ్యలు చెరువులవడం మొదలైంది. టైగర్ రొయ్యకు తెల్లమచ్చ తెగులు తగిలి కుప్పకూలడం, తీరపు చెరువుల మీద 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు, 2009 నుంచి వనామి రకం రాక, ఇవన్నీ అందరికీ తెలిసిన చరిత్రే. డొంకకు జరిగింది మాత్రం ఎవరూ రాసుకోలేదు. వరి పొలానికి ఏడాదికి నాలుగుసార్లు బండి పోతే చాలు. రొయ్యల చెరువుకు మేత లారీ, డీజిల్, ఐసు వ్యాను, పట్టుబడి రోజున రాత్రికి రాత్రి కంటైనర్. ఐసు కరగకముందే సరుకు హైవే ఎక్కాలి. మలుపు తిరిగేంత ఓపిక దానికి లేదు. డొంక మీద గ్రావెల్ పోశారు. కంప కొట్టేశారు. వీలైనచోట వంకర తీశారు. ఎత్తు పెంచారు. పడడం, ఎక్కడం పోయాయి.

ఆ కొత్త దారిమీద ఒక వింత జరుగుతుంది. కొన్నాళ్ళకు రోడ్డుకు అడ్డంగా చిన్న చిన్న అలలు లేస్తాయి, మూరెడు దూరానికొకటి చొప్పున. కారులో పోతే డాష్‌బోర్డు గిలగిల్లాడుతుంది. సైకిల్ మీదైతే పళ్ళు. కారణం మట్టిలో లేదు, వేగంలో ఉంది. చక్రం ఒక వేగం దాటాక చిన్న మిట్ట తగిలినా ఎగిరి, దాటి, కిందపడినచోట మట్టిని కుదేసి ముందుకు తోస్తుంది. తర్వాత వచ్చే చక్రం దాన్నే పెంచుతుంది. ఆ వేగానికి లోబడి పోయే చక్రం కింద అల లేవదు. ప్రయోగాలు చేసినవాళ్ళు తేల్చిన సంగతి ఇది. ఎద్దుల బండి ఏనాడూ ఆ హద్దు దాటదు. అందుకే డొంకకు గాళ్ళున్నాయి గానీ అలలు లేవు. గ్రావెల్ రోడ్డుకు అలలున్నాయి. ఒకటి బరువు రాసిన గీత, ఇంకోటి తొందర రాసింది.

ఇక్కడ నేనూ ఒక పక్షం తీసుకోవాలి గదా. పాత డొంకే మేలని నేననను. పురిటి నొప్పుల మనిషిని బండిలో వేసుకుని ఆ బురదలో పోయినవాళ్ళు ఇంకా ఉన్నారు, వాళ్ళ ముందు అనలేను. నా ఫిర్యాదు మాట మీద. వంకర అన్నది డొంక చేసిన తప్పులాగా మాట్లాడతాం. ఏ వంకరకు ఆ కారణముంది. ఒకచోట పాత వాగు ఉంది, ఇంకోచోట దేవుడి మాన్యం, ఇంకోచోట ఎవరో ఇవ్వనన్న మూల, ఒకచోట తాటితోపు. మలుపులో నిలబడి అడిగితే ఊరి పెద్దవాళ్ళలో ఎవరో ఒకరు చెప్పగలరు, ఇది ఫలానా వాళ్ళ నుయ్యి ఉన్నచోటని. నూతిని పూడ్చినా దాని చుట్టూ తిరిగిన దారి మాత్రం తిరుగుతూనే ఉంది. తిన్నటి రోడ్డులో అలా అడగడానికి ఏమీ లేదు, అది రెండు చివరల గురించే చెబుతుంది.

తిన్నటి దారులు ఈ తీరంలో గ్రావెల్‌తో మొదలు కాలేదు. అన్నిటికంటే పెద్దది బకింగ్‌హాం కాలవ గట్టు. 1806లో మద్రాసు దగ్గర మొదలైన కాలవ ముక్కలు ముక్కలుగా ఉత్తరానికి పాకింది. 1876-78 ధాత కరువులో కూలికోసం వచ్చిన జనం చేత మిగతా ముక్కలు తవ్వించి కలిపారు. అప్పటి మద్రాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు పెట్టారు. సముద్రానికి సమాంతరంగా, ఉప్పూ వంటకట్టెలూ మోసిన పడవల కోసం తవ్విన కాలవ అది. పడవలు ఆగిపోయి చాలా కాలమైంది. గట్టు మాత్రం అక్కడక్కడా తెగి, అక్కడక్కడా ఇసకలో కూరుకుపోయి, ఇంకా ఉంది. దానిమీద తొక్కడం డొంకలో తొక్కడం లాంటిది కాదు. ఎడమన కాలవ, కుడిన సర్వి తోపులు. గంటసేపు మలుపు రాదు. సర్విని పై జిల్లాలవాళ్ళు సరుగుడంటారు. ఆ చెట్టు పైదేశపుది. పేరు రెండు యాసల్లోనూ మనదిలాగే వినిపిస్తుంది. రాలిన ఆకు మెత్తటి పరుపయి టైరు చప్పుడు మింగేస్తుంది. కింద ఇసక ఉందని మాత్రం మరవకూడదు. ఆకు పలచబడ్డచోట చక్రం ఠక్కున నిలుస్తుంది, మనం నిలవం.

ఇంకో గట్టు పెన్నాది. వరద పొర్లకుండా ఏటికి రెండు వైపులా పోసిన కట్టను కృష్ణావాళ్ళు కరకట్ట అంటారు, గోదావరివాళ్ళు ఏటిగట్టు అంటారు, నెల్లూరువాళ్ళు పొర్లుకట్ట అంటారు. మొదటి రెండూ కట్ట ఎక్కడుందో చెబుతాయి. మాది అది ఎందుకుందో చెబుతుంది, ఏరు పొర్లుతుంది కనక. పేర్లలో పుంతకు ఇచ్చిన మార్కులు ఇక్కడ వెనక్కి తీసుకుంటున్నాను.

కరువు కాలవ తవ్వుతున్న ఆ రోజుల్లోనే, 1877 ప్రాంతంలో, కడప జిల్లా కమలాపురంలో ఒక విత్తనం చల్లారు. జమైకా నుంచి తెప్పించిన ఆ ముళ్ళచెట్టు మన దేశంలో మొదట మొలిచింది అక్కడేనని అంటారు. వంటచెరుకుకూ, బీడు భూములు పచ్చబడటానికీ ఉద్దేశించింది. కమలాపురం పెన్నాలో కలిసే పాపాఘ్ని పక్కది. మేకలూ గొడ్లూ కాయలు తిని పేడలో గింజలు పంచిపెట్టాయి. ఇప్పుడు దాని పేర్లు సర్కారు తుమ్మ, సీమ తుమ్మ, చిల్లకంప. చవుడుకు వెరవదు, ఉప్పుకు వెరవదు. నరికితే మొదట్లో నాలుగు కొమ్మలుగా లేస్తుంది. నేను పైన రాసిన ఈత, కలే, బలుసు వరస చాలా డొంకల్లో జ్ఞాపకమే, ఉన్నదంతా ఇదే. యానాదుల పిల్లలు కలే పళ్ళ కోసం, తేనె కోసం వెతికే పొద వేరు, ఇది వేరు. దీని ముల్లు లావు టైరునూ వదలదు. గ్రావెల్ సైకిళ్ళకు ట్యూబు తీసేసి లోపల తెల్లటి జిగురు ద్రవం పోస్తారు. ముల్లు దిగినచోట అది గడ్డకట్టి బెజ్జం మూస్తుంది. కాన్సాస్ చెకుముకి రాయికి వాడేది జమైకా తుమ్మకు నెల్లూరులో పనికొస్తోంది. మూయలేనంత బెజ్జం పడ్డ రోజున ముత్తుకూరు రోడ్డు కుర్రవాడు ఉండనే ఉన్నాడు.

అంతా చూస్తే, పొదా దారీ అన్న రెండర్థాలూ ఇప్పుడు మళ్ళీ ఒకటవుతున్నాయి. రొయ్యల చెరువు లేని ఊళ్ళో బండ్లు ఆగిపోయాయి, ట్రాక్టరు తారురోడ్డు పట్టింది, డొంక పనిలేక పడి ఉంది. రెండు పక్కల తుమ్మ నడిమికి ఒంగి కలుసుకుంటుంది. మొదట కొమ్మలు, తర్వాత మొదళ్ళు. కొన్నాళ్ళకు చెయ్యి చాపి అదుగో డొంక అన్నవాడు చూపించేది పొదే, వెతుక్కుంటూ పోయినవాడికి దొరికేదీ పొదే.

అప్పుడు ఉపాధి హామీ పని వస్తుంది. కూలీలు కొడవళ్ళు, గొడ్డళ్ళు పట్టుకుని దిగుతారు. పలుగు పెట్టి మొదళ్ళు పెకలిస్తే డబ్బూ రోజులూ ఎక్కువవుతాయి కనక పైపైన కొట్టి పక్కకు లాగుతారు. మస్టర్ రోలు మీద ఆ పని పేరు, ఫలానా డొంకలో జంగిల్ క్లియరెన్స్. తెలుగు ఇన్ని వందల ఏళ్ళు కలిపి ఉంచిన రెండర్థాల్నీ ఒక గుమాస్తా తెలియకుండానే విడదీశాడు: దారికి తెలుగు, పొదకు ఇంగ్లీషు. డొంకలో డొంక కొట్టుట అని రాస్తే బిల్లు పాసు కాదు మరి. తుమ్మ రెండు వానలకు మళ్ళీ లేస్తుంది, మూడో ఏడు అదే పని అదే పేరుతో మంజూరవుతుంది. ఈ మధ్యలో ఓ అయిదు నెలలు, సంక్రాంతి నుంచి తొలకరి దాకా, సైకిలు పడుతుంది.